సముద్రం చూడడానికి తగిన ఊరు

మా ఆఫీసు పేరు నేల తేమ కొలతల శాఖ, ప్రాంతీయ కార్యాలయం. ఇలాంటి శాఖ ఒకటుందని మీకు తెలియకపోతే నొచ్చుకోకండి, మా జిల్లా రైతుల్లోనే చాలామందికి తెలియదు. ఊరూరా తిరిగి, పొలంలో ఇనప గొట్టం దించి, లోపల తడి ఎంతుందో చూసి, నిర్ణీత నమూనాలో నింపి పైకి పంపడం మా పని. వాన మొహం చూసి ఏళ్లయిన జిల్లా కాబట్టి పని మరీ కష్టంగా ఉండదు. గొట్టం దించకముందే ఏం రాయాలో తెలిసిపోతుంది. అయినా దించిన తర్వాతే రాస్తాం. పద్ధతి పద్ధతే.

మేం రాసుకొచ్చినదంతా టైపు చేసి పైకి పంపేది సుంకులమ్మగారు, మా సీనియర్ అసిస్టెంటు. మనిషి గట్టి, మాట ఇంకా గట్టి. రిటైర్మెంటు దగ్గర పడుతోందనగా ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర క్యారియరు మూత పెడుతూ, "నేను దిగిపోయేలోపల సముద్రం చూడల్లప్పా" అన్నారు.

జూనియర్ అసిస్టెంటు రమీజా ఆశ్చర్యపోయింది. "అదేందక్కా, ఇంతవరకూ చూళ్లేదా నువ్వు?"

"యాడ చూసేది? పిల్లోళ్లు, సంసారం, ఆడిట్టు. ఒగసారి తిరపతి దాకా పోయినాం. దండం పెట్టుకోని మళ్లీ వచ్చేసినాం."

"ఈడ బస్సెక్కితే నెల్లూరే గదక్కా. ఆడ్నుంచి రొంత దూరమే. పోయి రారాదా?"

"ఒగదాన్నే పోయి ఏం జేసేది? అంత పెద్దది చూసినంక పక్కకు తిరిగి ఎవురితోనన్నా ఒగ మాట అనల్ల గదా. ఎవురితో అనేది, బస్సు కండక్టరుతోనా? మీతో పోవల్ల నేను. ఇన్నేండ్లు మీతోనే గదా కూర్చోని తింటి."

ఆ మాటతో అందరి మనసూ కరిగింది. వెంటనే టిఫిను డబ్బాలు పక్కకు జరిపి, గోడకున్న మ్యాపు దించి బల్ల మీద పరిచాం. శని, ఆదివారాలు రెండు రోజులు. ఒక వ్యాను. వీలైనన్ని ఊళ్లు. కొలతల సహాయకుడు చెన్నకేశవులు బందరు అన్నాడు. అక్కడి లడ్డు గురించి ఆయనకు చిన్నప్పటినుంచీ ఒక ఆరాటముంది. రమీజాకు ఉప్పాడ చీర కావాలి. ఎప్పుడో ఒక క్యాలెండరులో కొండా సముద్రమూ పక్కపక్కన చూసిన దగ్గర్నుంచి నాకు భీమిలి మీద మనసు. "బందరుకూ ఉప్పాడకూ జానెడు కూడా ల్యాదు సూడు" అని చెన్నకేశవులు మ్యాపు మీద వేళ్లు పరిచి చూపించాడు. ఆ జానెడులో రెండు జిల్లాలూ, గోదావరీ ఉన్నాయని ఎవరికీ తట్టలేదు. మేం వాదించుకుంటుంటే సుంకులమ్మగారు చేయి కడుక్కొచ్చి, "ఏ ఊరైతేనేమప్పా. నీళ్లుండల్ల, మీరుండల్ల. అంతే" అన్నారు.

చివరికి మైపాడు, సూర్యలంక, వీలైతే బందరు అని తేలింది. ఆ సాయంత్రమే వెళ్లి వ్యాను మాట్లాడుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. కానీ నేను ఉద్యోగుల సంక్షేమ సంఘం కార్యదర్శిని. సెలవు రోజులు మావి, ఖర్చు మాది, కాళ్లు మావి. అయినా పైవారి అనుమతి కోసం ఫైలు పెట్టాను. మా శాఖలో ముదిరినవాడికి ఫైలు పెట్టకుండా చేసిన పని చేసినట్టే అనిపించదు.

మా ప్రాంతీయ అధికారి భువనేశ్వరప్పగారు చెడ్డవారు కారు. ఎవరినీ కసురుకోరు. కాకపోతే ఆయన నోట్లోంచి మాటలు రావు, ఉత్తర్వులు వస్తాయి. అందులోనూ అది మా ప్రధాన కార్యాలయానికి కొత్త పిచ్చి పట్టిన సంవత్సరం. 'కొలిచినదే నిజం' అన్న నినాదాన్ని ఫ్రేము కట్టించి అన్ని ఆఫీసులకూ పంపారు. మా ఆఫీసులో చేతులు కడుక్కునే చోట కూడా ఒకటి తగిలించాం. దీని మీద శిక్షణకు వెళ్లి వచ్చిన దగ్గర్నుంచి భువనేశ్వరప్పగారు కనిపించినదల్లా కొలుస్తున్నారు. ఫైళ్లు తన బల్ల మీద ఎంతకాలం ఉంటున్నాయో కొలిచి, ఆలస్యానికి కారణం బల్ల పెద్దది కావడమని తేల్చి, చిన్న బల్ల తెప్పించుకున్నారు. ఇప్పుడు ఫైళ్లు కింద ఉంటున్నాయి.

నా ఫైలు తెరిచి ఆయన అడిగారు. "తిరుపాలుగారూ, ఇందు మూడు పట్టణములు పేర్కొనబడినవి. ఏ ప్రాతిపదికన?"

"భోజనాల దగ్గర అనుకున్నాం సార్."

"భోజనము ప్రాతిపదిక కాదు. కోస్తా తీరమున అనేక పట్టణములు గలవు. కొలమానము లేకుండా మూడింటిని ఎంపిక చేయుట మిగతా పట్టణముల యెడల వివక్ష కాదా? రేపు ఏదేని పట్టణము ప్రశ్నించిన మనమేమి సమాధానము చెప్పగలము?"

"పట్టణం ప్రశ్నిస్తుందా సార్?"

"ప్రశ్నించదు. కానీ ప్రశ్నించిన?"

ఆ కోణంలో నేను ఆలోచించలేదు. అందువల్ల తీరపట్టణాల ఎంపిక సంఘం ఏర్పడింది. భువనేశ్వరప్పగారు అధ్యక్షులు, నేను కార్యదర్శి, చెన్నకేశవులు, రమీజా సభ్యులు. యాత్ర వల్ల ఎక్కువగా సంతోషించేది సుంకులమ్మగారే కాబట్టి ఆమెను సంఘంలోకి తీసుకోలేదు. లబ్ధిదారులు నిర్ణయంలో పాల్గొనకూడదు.

కొలమానాల సమావేశం చక్కగా జరిగింది. నిజం చెప్పాలంటే అంత మంచి మనసుతో జరిగిన సమావేశం మా ఆఫీసులో మరొకటి నాకు గుర్తు లేదు. ఉన్నది రెండు రోజులే కాబట్టి ఊరు దగ్గరగా ఉండాలన్నాను నేను. సుంకులమ్మక్కకు మోకాళ్ల నొప్పులు కాబట్టి కాలు దిగబడని గట్టి నేల ఉండాలంది రమీజా. మునిగిపోయే ప్రమాదం ఉండకూడదని అధ్యక్షులు రాయించారు. రాగిసంగటి దొరకాలన్నాడు చెన్నకేశవులు, అది లేకపోతే ఆయనకు పొద్దుగూకదు. చివరగా, మనది నేల తేమ శాఖ కనుక మన సొంత ప్రమాణాన్ని మనమే వదిలేస్తే బాగుండదని, నేలలో తేమ శాఖ విధించిన పరిమితికి లోబడి ఉండాలని చేర్చాం.

"ఇంకనూ ఏమైనా కలవా?" అన్నారు అధ్యక్షులు.

సముద్రం ఉండాలి అని రాద్దామా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. కానీ సముద్రతీర పట్టణాలకు మార్కులు వేస్తూ సముద్రం ఉందా అని అడగడం ఏం మర్యాద? పెళ్లిచూపులకు వెళ్లి పిల్ల మనిషేనా అని అడిగినట్టుంటుంది. నోరు మూసుకున్నాను. సమావేశం ముగిసింది.

కళ్లారా చూడకుండా మార్కులు వేయకూడదు కాబట్టి పూర్వ పరిశీలన తప్పనిసరి అయింది. ఆఫీసు జీపులో భువనేశ్వరప్పగారు, గొట్టంతో చెన్నకేశవులు బయల్దేరారు. సామాన్య సందర్శకుల అభిప్రాయం కూడా తెలుసుకోవాలని అధికారిగారి భార్యా, అత్తామామలూ వెళ్లారు. వారం వారం ఒక్కో తీరం. జీపు తిరిగి వచ్చినప్పుడల్లా సీట్ల సందుల్లోంచి ఇసుక రాలేది. ఆఫీసులో అందరికీ ఒకసారి కాజాలు, ఒకసారి లడ్డు, ఒకసారి జీడిపప్పు పంచారు. భువనేశ్వరప్పగారి మొహం ఎండకు కమిలి ఆరోగ్యంగా తయారైంది. మాట మాత్రం మారలేదు. "బందరు దగ్గర మంగినపూడి తీరం ఎలా ఉంది సార్?" అని అడిగితే, "లవణత్వము ఆమోదయోగ్యము" అన్నారు.

చెన్నకేశవులు మాత్రం కష్టపడ్డాడు. "గొట్టం నిలబడనీదక్కా" అని సుంకులమ్మగారి దగ్గర మొరపెట్టుకున్నాడు. "నేను ఇట్ల దించేది, అల అట్ల వచ్చి పెరికేసేది. సూర్యలంకలో అయితే గుంజకపోయ. నేను ఎనకాల పడి పరిగెత్తినా. అందల్యా."

"గొట్టం సంగతి వదిలిపెట్టు. సముద్రం ఎట్లుండె?"

"గొట్టం మీదనే ఉండె నా కండ్లన్నీ. యాడ చూస్తి?"

పోయిన గొట్టానికి బాధ్యులెవరో తేల్చడానికి ఒక విచారణ జరిగింది. సముద్రం ఏ శాఖ పరిధిలోకి వస్తుందో తెలియక అది అలాగే ఆగింది. ఈలోగా రోజులు గడుస్తున్నాయి. సుంకులమ్మగారు పొద్దున్నే వచ్చి సంతకం పెట్టగానే, "ఏమాయ తిరుపాలూ, ఏ ఊరు?" అని అడిగేవారు. "పరిశీలనలో ఉందక్కా" అనేవాణ్ని. రబ్బరు చెప్పులు కూడా కొని బీరువాలో పెట్టుకున్నారామె, తోలు చెప్పులైతే ఉప్పునీళ్లకు చెడిపోతాయని ఎవరో చెప్పారట. ఆమె ఉద్యోగంలో మిగిలిన వారాలు తరిగిపోతున్నాయి. ఆమె దిగిపోయాక ఈ యాత్రకు ఆమె అర్హురాలు కాదు. యాత్ర సిబ్బందికే.

మొత్తానికి మార్కులు వచ్చాయి. భీమిలి దూరం దగ్గరే ఓడిపోయింది. ఉప్పాడలో సంగటి లేదు. సూర్యలంకకు గొట్టం పోగొట్టినందుకు కోత పడింది. మైపాడు దగ్గరే కానీ తేమ పరిమితి ఎన్నో రెట్లు మించింది. బందరు పరిస్థితీ అదే. ఒకటి మాత్రం స్పష్టంగా కనిపించింది. ఊరు సముద్రానికి ఎంత దగ్గరైతే మార్కులు అంత తగ్గాయి. అలలు మరీ ముందుకు వచ్చే ఊళ్లకు సున్నా కంటే కింద వచ్చాయి.

పోల్చి చూడడానికి ఒక ఆధారం కావాలి కనుక చెన్నకేశవులు మా ఊళ్లో కూడా గొట్టం దించాడు. దూరం లేదు. నేల కాలు కాదు కదా గొట్టమే దిగబడనంత గట్టిది. మునిగిపోదామన్నా మునగలేం. సంగటి వీధికి నాలుగు చోట్ల. తేమ పూర్తిగా పరిమితికి లోబడి ఉంది. అన్ని అంశాల్లోనూ నిండు మార్కులతో తీరపట్టణాల ఎంపికలో మా ఊరు మొదటి స్థానంలో నిలిచింది.

భువనేశ్వరప్పగారు సిబ్బందినందరినీ పిలిచి ఫలితం చదివారు. కొందరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టారు. సుంకులమ్మగారు లేచి నిలబడ్డారు.

"సార్, మనూర్లో సముద్రం ల్యాదు గదా."

"ఆ అంశము కొలమానములలో లేదు."

"అయితే చేర్చండి."

"ఫలితములు వెలువడిన పిమ్మట కొత్త కొలమానము చేర్చుట ప్రథమ స్థానము పొందిన పట్టణమునకు అన్యాయము చేయుట యగును."

"ఆ పట్టణంలో ఉండేది మేమే గదా సార్. మేమేమీ అనుకోం."

"మీరు నివాసులు. పట్టణము వేరు" అన్నారాయన, చాలా మర్యాదగా. ఆమె కూర్చున్నారు. నేను ఆమె వైపు చూడలేకపోయాను. చేతిలో ఉన్న మార్కుల కాగితం వైపు చూశాను. కూడికలో తప్పు లేదు.

ఆమె రిటైరయ్యే ముందు వచ్చిన ఆఖరి శనివారం యాత్ర మొదలైంది. అందరం సంచులు సర్దుకుని ఆఫీసు దగ్గర వ్యానెక్కి, ఊరి చుట్టూ ఒక చుట్టు తిరిగి, బస్టాండు ఎదురుగా ఉన్న మయూరా లాడ్జిలో దిగాం. లాడ్జి వెనక ఖాళీ జాగాలో ఒక ట్రాక్టరు ఇసుక పోయించాం. వెనక గోడకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాం. నీలం సముద్రం, కొబ్బరి చెట్లు, దూరంగా ఓడ. ఫ్లెక్సీ షాపువాడు సొంత ఇష్టంతో రెండు పెంగ్విన్లను కూడా వేశాడు. చెన్నకేశవులు ఇసుకలో కొత్త గొట్టం దించాడు. అధికారిగారు వంగి చూసి, "సంతృప్తికరము" అన్నారు. ఆ తర్వాత హాజరు తీసుకుని, జట్లు జట్లుగా ఇసుక మీద విహరించమన్నారు.

మొదటి జట్టులో సుంకులమ్మగారిని పంపాం, గౌరవం కదా. జరీ అంచు చీర కట్టుకుని వచ్చారామె. కాళ్లకు ఆ రబ్బరు చెప్పులే ఉన్నాయి. ఇసుక మీద నాలుగడుగులు వేసి, ఫ్లెక్సీ ముందు నిలబడి, పెంగ్విన్ల వైపు కాసేపు చూశారు. ఏదో ఒకటి అంటారని అందరం ఎదురుచూశాం. తిట్టినా బాగుండును. ఆమె వెనక్కి వచ్చి సంచి తీసుకుని, లాడ్జి గేటు దాటి, రోడ్డు దాటి, బస్టాండులోకి వెళ్లిపోయారు.

నేను వెంట పరిగెత్తాను. నెల్లూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారామె.

"అక్కా, దిగక్కా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. నువ్వు పో నాయనా, నీకు హాజరు పోతాది."

"ఒంటరిగా పోనని నువ్వే కదక్కా అన్నావు?"

"అంటి" అన్నారు. "నువ్వు పెట్టిన ఫైలు కదులుతాదని కూర్చుంటి. ఇంగ సోమారం తరవాత మీరెవురో నేనెవురో. ఒగదాన్నే చూస్తా. ఏమీ అనకుండా చూసి వస్తా. మాట అనకపోతే సముద్రమేం ఎండిపోదు గదా."

ఈలోగా రమీజా వెళ్లి చెప్పినట్టుంది, భువనేశ్వరప్పగారు హాజరు కాగితం పట్టుకుని, వెనక సిబ్బందితో బస్సు దగ్గరికి వచ్చేశారు. కిటికీ కింద నిలబడి, తలెత్తి మొదలుపెట్టారు.

"సుంకులమ్మగారూ, కార్యక్రమము మధ్యలో నిష్క్రమించుట నిబంధనలకు విరుద్ధము."

"సార్, ఒగ మాట అడుగుతా. మీరు అన్ని ఊర్లూ చూసొచ్చినారు. సముద్రం ఎట్లుంటాది?"

"నివేదికలో సమగ్రముగా పొందుపరచడమైనది."

"నివేదిక టైపు కొట్టింది నేనే గదా సార్. దాంట్లో ఉప్పుంది, ఇసుకుంది, తడుంది. సముద్రం ల్యాదు."

ఆయన నోరు తెరిచారు. ఏదో ఉత్తర్వు వస్తుందనుకున్నాం. రాలేదు. కాగితం మడిచారు, మళ్లీ విప్పారు. చివరికి మేం ఎన్నడూ వినని గొంతుతో, "శానా బాగుంటాదమ్మా" అన్నారు. "సూర్యలంకలో పొద్దున్నే మా మామ చెయ్యి పట్టుకోని నిలబడినా. యాడ జూసినా నీళ్లే. మన సీమోళ్లకు కండ్లు తిరుగుతాయి. ఆయప్ప సేద్యం చేసి చేసి మూడు బోర్లు ఎండగొట్టుకున్న మనిషి. ఆ నీళ్లు చూసి ఏడ్చేసినాడు. ఆయప్పను చూసి నాకూ ఏడుపొచ్చె. అది ఏ గడిలో రాయల్లో తెలీక ఇడిసిపెడితి."

బస్సులో వాళ్లూ బస్టాండులో వాళ్లూ వింటున్నారు. డ్రైవరు ఎక్కి ఇంజను స్టార్టు చేశాడు. ఆ చప్పుడుకు భువనేశ్వరప్పగారు తేరుకున్నారు. గొంతు సవరించుకుని మా వైపు తిరిగారు.

"యాత్రా నిబంధనల ప్రకారము బృందము విడిపోరాదు. ఒక సభ్యురాలు ఈ బస్సునందు ఉన్నారు. ఆమెను ఒంటరిగా విడిచిన బృందము విడిపోయినట్లగును. కావున మిగతావారందరూ తక్షణమే బృందమును చేరుకొనవలెను."

మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అప్పటికే ఆయన మెట్లెక్కేశారు. తర్వాత తోపులాటే. చెన్నకేశవులు అలవాటు కొద్దీ గొట్టంతో సహా ఎక్కాడు. కండక్టరు మా గుంపును చూసి, "అందరూ నెల్లూరేనా సార్?" అని అడిగాడు.

"సదరు బృందము సభ్యురాలి గమ్యస్థానమును అనుసరించి..." అని అధికారిగారు ఇంకా చెబుతుండగానే కండక్టరు టిక్కెట్లు కొట్టేశాడు.

మైపాడు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇసుకలో వలలు ఆరేసి ఉన్నాయి. ముందుగా వినిపించింది, తర్వాత కనిపించింది. సుంకులమ్మగారు నీళ్లకు చాలా దూరంలోనే ఆగిపోయారు. రమీజా చేయి పట్టుకుని లాగితే కదల్లేదు. కాసేపటికి తనంతట తనే నడిచి వెళ్లి, పాదాలు తడిసే చోట నిలబడి, ఒక అల మోకాళ్ల దాకా వచ్చి కొడితే నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇసుక కాళ్ల కింద జారిపోతుంటే చిన్నపిల్లలా అరిచారు. వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని నోట్లో పోసుకున్నారు.

"థూ! ఇంత ఉప్పా!" అని ఉమ్మేసి, మళ్లీ ఆ నీళ్లన్నిటి వైపూ చూసి, ఒక్కసారిగా కోపం తెచ్చుకున్నారు. "ఇన్ని నీళ్లు ఈడ పెట్టుకోని మనం ఆడ గొట్టాలేసుకోని ఎతకబడ్తిమి గదప్పా! ఎవురు పెట్టినారు ఇవన్నీ ఈడ?"

అందరం పగలబడి నవ్వాం. భువనేశ్వరప్పగారు కూడా ప్యాంటు మడిచి మా మధ్య నిలబడి నవ్వారు. ఆ తర్వాత ఆమె పక్కకు తిరిగి, "చూస్తివా తిరుపాలూ?" అన్నారు. చూస్తున్నానక్కా అన్నాను. అటు తిరిగి, "చూస్తివా రమీజా?" అన్నారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడిగారు, అధికారిగారిని కూడా. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. అంత సంతోషం మా ఆఫీసులో ఏ ఫైలూ తేలేదు.

యాత్ర సంగతి అధికారిగారు పద్ధతి ప్రకారం ఆ రాత్రే ఫోనులో పైకి తెలియజేశారు. సోమవారం పొద్దున్నే ప్రధాన కార్యాలయం నుంచి వివరణ కోరుతూ తాఖీదు వచ్చింది. ప్రథమ స్థానం పొందిన పట్టణంలో జరుగుతున్న యాత్రను మధ్యలో ఆపి, చివరి స్థానాల్లో ఉన్న పట్టణానికి ఏ ప్రాతిపదికన వెళ్లారు? అది సుంకులమ్మగారి ఆఖరి పనిదినం. సాయంత్రం దండలూ కారబూందీ ఉన్నాయి. జవాబు నేనే టైపు కొడతానని ఆమె కుర్చీ లాక్కున్నారు. మేమంతా వెనక నిలబడ్డాం. పెద్దగా ఆలోచించలేదామె. 'సదరు పట్టణమునందు సముద్రము ఉండినందున' అని ఒక్క వాక్యం కొట్టి, కాగితం తీసి భువనేశ్వరప్పగారి చిన్న బల్ల మీద పెట్టారు. ఆయన చదివి సంతకం పెట్టి పంపేశారు.

ఏదో ఒక శిక్ష పడుతుందనుకున్నాం. ప్రధాన కార్యాలయం వారికి అది బాగా నచ్చింది. ఇంతవరకు ఎవరికీ తట్టని కొత్త కొలమానమని మెచ్చుకుంటూ సర్క్యులరు పంపారు. మెచ్చుకుని ఊరుకుంటే అది మా శాఖ ఎలా అవుతుంది? రాష్ట్రంలోని అన్ని ప్రాంతీయ కార్యాలయాల తేమ నమూనాల్లోనూ ఒక కొత్త గడి చేర్చారు. 'గ్రామమునందు సముద్రము: ఉన్నది / లేదు.'

అప్పటినుంచి ఊరూరా తిరిగి గొట్టం దించి, తేమ రాసి, ఆ గడిలో 'లేదు' అని రాస్తున్నాం. రాతిగుండ్లూ, కంపచెట్లూ తప్ప మరేమీ లేని ఊళ్లో పొలం గట్టు మీద నిలబడి, సముద్రం లేదు అని ప్రభుత్వానికి తెలియజేస్తున్నాం. మొదట్లో నవ్వొచ్చేది. రాను రాను ఆ మాట రాయాలంటే మనసొప్పడం మానేసింది. సుంకులమ్మగారి బల్ల ముందు ఇప్పుడు వేరే ఆవిడ కూర్చుంటోంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ ఎక్కువ మాట్లాడుకోవడం లేదు.

మొన్న రాళ్లకుంటలో కొలతలు తీయాల్సి వచ్చింది. అది సుంకులమ్మగారి సొంతూరు, రిటైరయ్యాక అక్కడే ఉంటున్నారు. పని ముగించుకుని నేనూ చెన్నకేశవులూ ఆమె ఇంటికి వెళ్లేసరికి అరుగు మీద పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. కూలి పనుల నుంచి వచ్చి మొహాలు కూడా కడుక్కున్నట్టు లేదు. మధ్యలో సుంకులమ్మగారు చేతులు రెండూ చాచి అల ఎంత ఎత్తున లేస్తుందో చూపిస్తున్నారు. రోజూ ఇదేనట. వాళ్లు రోజూ వచ్చి అడుగుతారు, ఈమె రోజూ చెబుతారు.

నన్ను చూసి, "అద్దో, తిరుపాలు వచ్చె! నా మాట నమ్మకుంటే ఆయప్పనే అడగండి, నా పక్కనే ఉన్న్యాడు" అన్నారు.

పళ్లూడిన ముసలామె ఒకామె నా వైపు తిరిగింది. "నిజమే నాయనా? ఆ పక్కనుండే గట్టు కనపడదంట గదా?"

"కనపడదవ్వా" అన్నాను. "ఎంత చూసినా కనపడదు."

ఆమె దవడకు చేయి ఆనించుకుని, కళ్లు మూసుకుని, గట్టు కనపడని నీళ్లను కాసేపు చూసింది. సుంకులమ్మగారు మళ్లీ మొదటినుంచి అందుకున్నారు. మేం అక్కడే సంగటి తిని, చీకటి పడ్డాక బయల్దేరాం.

మర్నాడు రాళ్లకుంట నమూనా నింపి భువనేశ్వరప్పగారి ముందు పెట్టాను. ఆయన వేలు ఒక్కో గడి మీదుగా దిగుతూ వచ్చి చివరి గడి దగ్గర ఆగింది. అక్కడ నేను 'ఉన్నది' అని రాశాను.

"ఈ గ్రామమునందు సముద్రము ఎచ్చట గలదు?" అన్నారాయన.

"సుంకులమ్మక్క అరుగు మీద సార్. సాయంత్రం పూట."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తలుపు వైపు ఒకసారి చూసుకుని, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక, "ఈసారి పోయేటప్పుడు నన్ను గూడా పిలువప్పా" అని సంతకం పెట్టారు.